నా పెళ్ళికి ఒప్పుకోని నా పంచాంగం

నాకు ముక్కు మీద కోపం అని మా అమ్మ ఊరంతా చెబుతుంది. నిజమే గానీ, నేను చేసే ఉద్యోగం చేస్తే ఎంత శాంతమూర్తికైనా కోపం వస్తుంది. ఒకచోట ఒక అక్షరం మారిస్తే ఇంకెక్కడో, నేను ఆరోజు కన్నెత్తి కూడా చూడని చోట, ఏదో ఒకటి పడిపోతుంది. పడిపోయిన దాని తాలూకు ఫోన్ మాత్రం నాకే వస్తుంది.

మా ఆఫీసు తిరువళ్ళూరులో, బస్టాండుకు దగ్గర, ఒక పైపుల అంగడి మీది మేడలో. నేను తిరుత్తణి నుంచి రోజూ లోకల్ రైల్లో వెళ్తాను. అక్కడ మేము చేసేవన్నీ పెళ్ళి పనుల సాఫ్ట్‌వేర్లు. కల్యాణ మండపాల బుకింగుకు ఒకటి, వంటవాళ్ళ ఆర్డర్లకు ఒకటి, పెళ్ళి పత్రికలు అచ్చువేసేవాళ్ళకు ఒకటి, పూల అలంకారం వాళ్ళకు ఒకటి. ఒక్కొక్కదాని కోడ్ ఒక్కో రిపోలో ఉంటుంది. రిపో అంటే పెద్ద విషయమేమీ కాదు, ఆ పనికి సంబంధించిన కోడ్ అంతా తలుపు వేసి దాచుకునే గది అనుకోండి.

ఈ నాలుగు గదులకూ ఒక ప్రశ్న మాత్రం ఉమ్మడి. ఫలానా రోజు పెళ్ళికి పనికొస్తుందా, రాదా? నాలుగు చోట్లా నాలుగుసార్లు రాయడం ఎందుకని, ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పే ప్యాకేజీని విడిగా నేను రాశాను. ఆఫీసులో అందరూ దాన్ని పంచాంగం అనేవాళ్ళు. నాలుగు రిపోలూ దాన్ని తెచ్చుకుని వాడుకుంటాయి.

మా ఇంట్లో అమ్మ వేసవిలో సాంబారు పొడి ఒక్కసారే కొట్టించి, నలుగురు అక్కచెల్లెళ్ళ ఇళ్ళకూ పంపుతుంది. ఒక ఏడాది మిరపకాయలు ఎక్కువ పడితే నాలుగు ఇళ్ళల్లోనూ సాంబారు మండుతుంది. అందులో ఒక పిన్ని మాత్రం కొత్త పొడి డబ్బా మూత కూడా తీయకుండా, పోయిన ఏటి పొడే బాగుందని దాన్నే వాడుకుంటూ ఉంటుంది. మా పనిలో దాన్ని లాక్ పెట్టడం అంటారు. పంచాంగం ఎన్ని కొత్త వెర్షన్లు వచ్చినా నాకు పాతదే చాలు అని రిపోలో రాసి పెట్టుకోవడం. ఆ పిన్నంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళు మంట.

మొదటి వెర్షన్ సుళువు. అప్పుడు మా దగ్గరికి వచ్చిన మండపాల వాళ్ళందరూ తమిళులే. తమిళ లెక్కలో పెళ్ళిళ్ళు చేయని ఆడి నెల, మార్గళి నెల మూసెయ్, మిగిలినవి తెరువు, అయిపోయింది. తర్వాత నగరి, పుత్తూరు వైపు మండపాల వాళ్ళు వచ్చారు. వాళ్ళకు ఆడి కాదు, ఆషాఢం. రెండూ ఒకటే కదా అని అనుకునేవాళ్ళు అనుకోవచ్చు. కొన్నేళ్ళలో ఆషాఢం వెళ్ళిపోయి శ్రావణం వచ్చేసినా, ఇక్కడ ఆడి ఇంకా కొన్ని వారాలు సాగుతూనే ఉంటుంది. ఆ వారాల్లో సరిహద్దుకు అవతల ఆంధ్రలో ఊరూరా బాజాలు, ఇవతల తమిళనాట మండపాలకు తాళాలు. మధ్యలో తిరుత్తణి తెలుగువాళ్ళం మేము. మాలో చాలామందికి ఆషాఢమూ పనికిరాదు, ఆడీ పనికిరాదు. రెండు వైపుల శుభాలు మాకు దక్కాయో లేదో గానీ రెండు వైపుల వద్దులూ మాకే దక్కాయి.

అందుకని రెండో వెర్షన్ రాశాను. ముందు మీరు ఏ లెక్క పాటిస్తారు అని అడిగి, దాన్ని బట్టి నెల తెరుస్తుంది, మూస్తుంది. రాసినరోజు నాకు ఒళ్ళంతా గర్వం. నాలుగు రిపోలకూ నేనే ఎక్కించాను. మండపాలది ఒప్పుకుంది, పత్రికలది ఒప్పుకుంది, పూలది ఒప్పుకుంది. వంటవాళ్ళది కూడా ఒక సీజన్ ఒప్పుకుంది. ఆ తర్వాత ఒకరోజు చూస్తే అది మళ్ళీ మొదటి వెర్షన్‌లో ఉంది, పైగా లాక్.

లాక్ పెట్టింది ఆ రిపో చూసుకునే అబ్బాయి. కవరైపేట్టై నుంచి రెండు బస్సులు మారి వచ్చేవాడు, వాళ్ళూ మాలాగే తెలుగువాళ్ళు. నెమ్మది మనిషి, నేను అరుస్తున్నంతసేపూ టిఫిన్ డబ్బా మూత తుడుచుకుంటూ వినేవాడు. ఎందుకు పెట్టావంటే, సరుకుల ప్యాకేజీ ఇంకా పాత పంచాంగం మీదే ఆధారపడి ఉందన్నాడు. అదీ నిజమే. ఎంతమందికి ఎంత బియ్యం, ఎంత పప్పు అని లెక్క చెప్పే ప్యాకేజీ ఒకటి ఆ సీజన్ తర్వాతే వంట రిపోలో చేరింది. ఏ నెలలో ఏ కూరగాయ దొరుకుతుందో చూడటానికి అదీ పంచాంగాన్నే అడుగుతుంది, పాత పద్ధతిలో. వంట రిపోలో కొత్తది పెడితే పాతదీ కొత్తదీ రెండూ ఒకే చోట చేరి, తెరంతా తప్పుందని చెప్పే బారెడు ఎర్ర గీతలు వస్తాయి. అయితే సరుకులదాన్ని కూడా మార్చు అంటాను నేను. ఆడుతూ ఉన్నదాన్ని ఎందుకు కదిలించాలి అంటాడు అతను. నాలుగు చోట్లా ఒకే వెర్షన్ ఉండాలనేది నా పట్టు. ఎవరికి పనికొచ్చేది వాళ్ళ దగ్గర ఉంటే చాలనేది అతని పట్టు. ఈ పోట్లాట ఎంత ముదిరిందంటే, ఆఫీసు నడిపే అన్న విసిగిపోయి, మీరిద్దరూ పెళ్ళి చేసుకుంటే ఇది ఇంట్లో పోట్లాడుకుంటారు, నా ఆఫీసు ప్రశాంతంగా ఉంటుంది అన్నాడు. సరదాకే అన్నాడు. మేమిద్దరం మాత్రం ఆరోజు సాయంత్రం దాకా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

తర్వాత ఆ సరదా మాటే నిజమై, మా ఇద్దరికీ జాతకాలు, పెద్దలు, మాటలు అన్నీ అయ్యాయి. మా అయ్యగారు తెలుగు పంచాంగం చూసి శ్రావణంలో ముహూర్తం పెట్టారు. అది ఆడి కదా అని కవరైపేట్టై వాళ్ళు కాస్త నసిగారు. మన లెక్కకు శ్రావణమే అని అయ్యగారు తేల్చేశారు. ఆడిలో పెళ్ళి పెట్టుకుంటే ఇంకో లాభం, తిరుత్తణిలో ఏ మండపం కావాలంటే అది ఖాళీ. బుకింగులో మా తేదీ పచ్చగా వెలిగింది. పత్రికల రిపోలోనూ పచ్చ. పూలదీ పచ్చ. నా రెండో వెర్షన్ నా పెళ్ళికీ ఉపయోగపడిందని పొంగిపోతూ పత్రికలు అచ్చుకు ఇచ్చేశాను, పంచేశాం కూడా.

పెళ్ళి విషయంలో అమ్మ కోరిక ఒక్కటే. పళ్ళిపట్టులో ఒక వంట మాస్టరు ఉన్నాడు. ఆయన పొయ్యి దగ్గర నిలబడితే ఏ పెళ్ళిలోనూ చివరి బంతికి తక్కువ పడిందన్న మాట లేదు. వండేది ఆయనే కావాలంది అమ్మ. ఎందుకో మా ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మ పెళ్ళిలో భోజనాలు చాలలేదు. మా తాత మగ్గం మీద నేసి సంపాదించి చేసిన పెళ్ళి, అనుకున్నదానికంటే ఎక్కువమంది వచ్చారు. చివరి బంతిలో మగపెళ్ళివాళ్ళు కొందరు ఆకుల ముందు కూర్చుని అలాగే లేచిపోయారు. అందులో మా నాన్న అక్క, మా అత్త ఒకరు. అప్పటి నుంచి చావుకైనా పెళ్ళికైనా, సీమంతానికైనా చెవులు కుట్టడానికైనా, ఆకు ముందు కూర్చుంటే చాలు, అత్త మొదలుపెడుతుంది. నవ్వుతూనే అంటుంది. నాకు వీళ్ళ పెండ్లిలో సాంబారు కూడా రాలేదు తెలుసునా అని పక్కవాళ్ళకు చెబుతుంది. అందరూ నవ్వుతారు, అమ్మా నవ్వుతుంది. ఇంటికొచ్చి ఆరోజు మాత్రం అన్నం తినదు.

ఒకరోజు మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా అమ్మ ఫోన్ చేసింది. మాస్టరు దగ్గర ఆర్డర్లు చూసుకునేది ఆయన అల్లుడు. ఆ తేదీ మూసి ఉంది, సిస్టం తీసుకోవడం లేదు అన్నాడట. అమ్మ గొంతు చాలా మెల్లగా ఉంది.

"నీ మిషనే నీ పెండ్లికి వొద్దంటా ఉండాది. ఇంగ నేను ఎవర్ని పొయ్యి అడిగేది?"

ఫోన్ పెట్టేసి కవరైపేట్టై అబ్బాయి మీద ఒంటికాలి మీద లేచాను. పెళ్ళికొడుకని కూడా చూడలేదు. ఆ లాక్ ఇప్పుడే తీసెయ్యి అన్నాను. తీయనన్నాడు. ఎందుకు తీయవంటే, మాస్టరు అడిగితే మాట ఇచ్చాను, కారణం ఆయన చెప్పాలి గానీ నేను చెప్పకూడదు అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేను రాసిన ప్యాకేజీ, నా పెళ్ళి, మధ్యలో వీడి మాటేమిటి? నా కంప్యూటర్ ముందు కూర్చుని వంట రిపో తెరిచాను. లాక్ తీశాను. ఎర్ర గీతలు వచ్చాయి. సరుకుల ప్యాకేజీ తెరిచి అందులోనూ కొత్త పంచాంగం పెట్టాను, ఇంకొన్ని ఎర్ర గీతలు వచ్చాయి. తల ప్రాణం తోకకొచ్చింది గానీ వదల్లేదు. టీ వచ్చి చల్లారిపోయింది. చివరికి అన్నీ పచ్చగా అయ్యాయి. ఇక ఒక్క మీట నొక్కితే మాస్టరు సిస్టంలో మా తేదీ తెరుచుకుంటుంది.

అప్పటిదాకా పక్కన నిలబడి చూస్తున్నవాడు అప్పుడన్నాడు.

"నొక్కితే ఆర్డరు పడతాది. పడినాక ఆయన కాదనలేడు. అందుకే నొక్కొద్దంటా ఉండాను."

అరిస్తే నేనూ అరిచేదాన్ని. అతను బతిమాలుతున్నట్టు అన్నాడు. నా వేలు ఆగిపోయింది. ఆ ఆదివారం అమ్మను తీసుకుని పళ్ళిపట్టు బస్సెక్కాను.

మాస్టరు ఇంటి తిన్నె మీద కూర్చుని ఉన్నాడు. పసుపు పంచె, మెడలో మాల. మా తిరుత్తణి కొండ మీది మురుగన్‌కు, అదే సుబ్రహ్మణ్యస్వామికి, మాల వేసుకున్నాడని చూడగానే తెలిసింది. అమ్మ కంటే ముందు నేనే అడిగాను. మామా, మా పెళ్ళికి మీరు రారని సిస్టం చెబుతోంది, అది నిజమా అన్నాను. ఆయన నవ్వి మజ్జిగ తెప్పించాడు. తాగిన తర్వాత చెప్పాడు. ఆడి పుట్టగానే మాల వేసుకుంటాడు. కృత్తిక రోజు కావడి ఎత్తుకుని కొండెక్కేదాకా ఆ మాల తీయడు. మాల మీద ఉండగా కూలికి వంట చేయనని ఎప్పుడో మొక్కుకున్నాడు. మొక్కు సంగతి నలుగురిలో చెప్పుకునేది కాదు. మునుపు ఎవరైనా వచ్చి అడిగితే వీలుకాదని నోటితో చెప్పి పంపేవాడు. సిస్టం వచ్చాక ఆ అవసరమే లేకపోయింది, ఆడి అంతా దానంతటదే మూసి ఉండేది.

"ఒక యేడు అది తెరుచుకున్నింది, పాపా. నగిరి వాళ్ళు శ్రావణం అని ఆర్డర్లు ఏసేసినారు, అల్లుడు తెలీక తీసుకున్నాడు. పెండ్లింటోళ్ళకి మాటిచ్చినాక అన్నం లేదని ఎట్ల సెప్పేది? మాల తీసి పక్కన పెట్టి పొయ్యికాడ నిలబడినా."

అది నా రెండో వెర్షన్. నేను గర్వంతో ఎక్కించిన ఆ సీజన్. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆ తర్వాతే ఆయన కవరైపేట్టై అబ్బాయికి ఫోన్ చేసి, నాయనా, ఆ నెల నాకు మునుపటిలాగే మూసి పెట్టు, ఎవరితోనూ అనొద్దు అని అడిగాడట. అతను లాక్ పెట్టాడు. నేను అన్ని నెలలు అరిచినా నోరు విప్పలేదు. ఆ తిన్నె మీద కూర్చుని, నా చేతిలో ఖాళీ మజ్జిగ గ్లాసు పట్టుకుని, నాకు అతని మీద చెప్పలేనంత ప్రేమ కలిగింది.

అమ్మ లేచింది. మొక్కు కంటే మా పెండ్లి ఎక్కువా అన్నా, మేము ఇంకొకర్ని చూసుకుంటాం అంది. ఆయన కూర్చోమన్నాడు. కూలికి చేయను గానీ అన్నదానానికైతే చేస్తాను, మాల మీద ఉన్నవాడు అన్నదానానికి వండితే పుణ్యమే అన్నాడు. సరుకులు మీరు తెచ్చి పెట్టండి, నాకు పైసా వద్దు. ఉల్లిపాయ, వెల్లుల్లి ఉండవు. ఇంకొక్క మాట, అన్నదానం అంటే మండపం తలుపులు తెరిచే ఉండాలి. దారిన పోయే మాల వేసుకున్నవాళ్ళు ఎవరొచ్చినా కూర్చోబెట్టాలి, ఎంతమంది అని అడగకూడదు.

నేను అమ్మ మొహం చూశాను. అది ఆడి నెల, అది తిరుత్తణి. కొండకు పోయే రోడ్డు నిండా మాల వేసుకున్నవాళ్ళే ఉంటారు. లెక్కపెట్టి పిలిచిన పెళ్ళిలోనే అన్నం చాలక ఇన్నేళ్ళు మాట పడ్డ మనిషిని, లెక్కే లేకుండా తలుపు తీయమంటున్నాడు. వద్దులే మామా అనబోయాను. అమ్మ నా మోకాలు మీద చెయ్యి వేసి నొక్కింది.

"తలుపు తెరిచే పెడదాం అన్నా. సాలకపోతే సాలకపోనీ. వొచ్చినోళ్ళని మాత్రం నేను లెయ్యమనను."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో, అత్త వస్తుంది కదమ్మా అన్నాను. రానీ అంది అమ్మ. కిటికీ వైపు తిరిగి కూర్చుంది, ఇల్లు చేరేదాకా నా చెయ్యి మాత్రం వదల్లేదు.

మర్నాడు ఆఫీసుకు వెళ్ళి నేను పచ్చగా చేసి పెట్టుకున్న మార్పులన్నీ చెరిపేశాను. నువ్వు చెప్పి ఉండొచ్చు కదా అని అతన్ని అడిగాను. చెప్పి ఉంటే ఆరోజే మాస్టరు మొక్కు కోసం మూడో వెర్షన్ రాసి, ఊరందరికీ చూపించేదానివి అన్నాడు. కోపం రాలేదు, ఎందుకంటే సరిగ్గా అదే చేసేదాన్ని. ఇద్దరం పక్కపక్కన కూర్చుని నిజంగానే మూడో వెర్షన్ రాశాం. ఇందులో పంచాంగం ఏ రోజునూ తెరవదు, మూయదు. ఇది తమిళ లెక్కలో ఫలానా నెల, తెలుగు లెక్కలో ఫలానా నెల అని చెప్పి ఊరుకుంటుంది. తెరవాలా, మూయాలా అనేది ఏ రిపోకు ఆ రిపోలో, ఆ పని చేసేవాళ్ళు పెట్టుకుంటారు. ఎందుకు మూశారని ఎవరూ అడగరు. సరుకుల ప్యాకేజీ కూడా కొత్తదానికి మారింది. నాలుగు రిపోల్లోనూ ఒకే వెర్షన్, నా పట్టు నెగ్గింది. ఎవరికి పనికొచ్చేది వాళ్ళ దగ్గర, అతని పట్టూ నెగ్గింది. లాక్ అతనే తన చేత్తో తీశాడు. మాస్టరుకు ఆడి మూసే ఉంది.

మా పెళ్ళి మాత్రం ఆ సిస్టంలో ఎక్కలేదు. సరుకుల లెక్కకు తలలెన్ని అని అడిగే గడి ఒకటి ఉంది, ఖాళీగా వదిలితే ముందుకు పోనివ్వదు. ఎంతమంది అని అడగకూడదన్నది మాస్టరు షరతు. కాబట్టి నాలుగు రిపోలు సరిచేయడానికి కారణమైన పెళ్ళి వంట రిపోలో లేనే లేదు.

పెళ్ళిరోజు తాళి కట్టడం అయ్యేసరికే గేటు దగ్గర పసుపు బట్టలు కనబడ్డాయి. మొదట ఒకరిద్దరు, మొహమాటంగా. నాన్న ఎదురువెళ్ళి చేతులు పట్టుకుని లోపలికి తెచ్చాడు. ఇక అంతే, ఒకరిని చూసి ఒకరు వచ్చారు. శోళవరం వైపు నుంచి ఒక లారీడు మంది దిగారు, డప్పులతో సహా. మావాళ్ళ ఊదారంగు పట్టు చీరల మధ్య, కవరైపేట్టై చుట్టాల మధ్య, పసుపు పంచెలు వరుసగా కూర్చున్నాయి. ఎవరో డప్పు వాయిస్తే మేళం వాళ్ళు పౌరుషానికి పోయి ఇంకా గట్టిగా వాయించారు. మండపం అదిరిపోయింది. నాకు ఒకవైపు నవ్వు, ఒకవైపు భయం. లారీ ఖాళీ అవుతూనే ఉంది. పక్కనున్న పెళ్ళికొడుకు నా చెవి దగ్గర, గేటుకు లాక్ పెట్టేదా అన్నాడు. పూలదండ కింద నుంచి గట్టిగా గిల్లాను.

అమ్మ పీటల దగ్గర లేదు. అక్షింతలు వేసిందో లేదో మాయమైంది. చూస్తే పొయ్యిల మీది పెద్ద వంట అండాల దగ్గర నిలబడి ఉంది. ఒక్కో బంతి లేవగానే మూత తీసి లోపలికి తొంగి చూస్తోంది. మాస్టరు మాల మెడలో ఊగుతుంటే గరిటె తిప్పుకుంటూ ఉంటాడు. రెండుసార్లు కొత్తగా పొయ్యి వెలిగించారు. ఉల్లిపాయ లేకపోయినా ఆ సాంబారు వాసనకు మండపం బయట ఆటోవాళ్ళు కూడా లోపలికొచ్చారు. అత్త మొదటి బంతిలోనే కూర్చుని తృప్తిగా తిని, ఆకు వక్క నములుతూ కుర్చీలో కూర్చుని, అన్నీ చూస్తోంది. ఆవిడ నోరు ఎప్పుడు తెరుచుకుంటుందా అని నేను అటే చూస్తున్నాను.

గేటు దగ్గర ఇక ఎవరూ లేరని నాన్న వచ్చి చెప్పాడు. మాస్టరు అమ్మను పిలిచి గరిటె చేతికిచ్చాడు. అమ్మ అండాలోకి వంగి గరిటెతో అడుగు దాకా కలిపి చూసింది. తర్వాత గరిటె ఆయనకు తిరిగి ఇచ్చేసి, వచ్చి చివరి బంతిలో కూర్చుంది. అటు శోళవరం నుంచి వచ్చిన ఒక ముసలమ్మ, ఇటు మాల వేసుకున్న అబ్బాయి ఎవరో. నాకు తెలిసి చుట్టాల మధ్య ఆకు ముందు అమ్మ నిదానంగా కూర్చుని తిన్నది ఆరోజే. పప్పు తిన్నది, సాంబారు రెండుసార్లు వేయించుకుంది. పాయసం వచ్చింది.

అత్త కుర్చీలోంచి లేచి మెల్లగా అటు నడిచింది. నేను పీటల మీద నుంచి లేవబోయాను. అతను నా కొంగు ముడి పట్టుకుని ఆపాడు. అత్త అమ్మ ఆకు ముందు నిలబడి, మండపం ఈ చివర నుంచి ఆ చివరకు చూసి అడిగింది.

"సాలిందా?"

అమ్మ తలెత్తలేదు. పాయసం వేలితో తీసి నాకి, పక్కనున్న ముసలమ్మను కొంచెం జరగమని చెప్పి, ఖాళీ ఆకు ఒకటి అందుకుని నేల మీద పరిచింది.

"మిగిలింది వొదినా. కూచో, పెడతాను."

అత్త అప్పటికే కడుపునిండా తిని ఉంది. అయినా కూర్చుంది.